కిటికీకి కట్టిన మనోధైర్యం

మా సేవాసంఘానికి ధైర్యం ఎక్కువ. రెండో విడత కరోనా తగ్గుముఖం పట్టిందని పేపర్లో వచ్చిన మర్నాడే పల్లెల్లో మనోధైర్యం నింపడానికి బయలుదేరింది. "నింపడం" కార్యదర్శిగారి మాట. గ్యాసు సిలిండరు నింపినట్టే ఆయన ఉద్దేశం. వక్తగా నన్ను ఎంచారు. రిటైరైన తెలుగు మాస్టారిని, ఖాళీగా ఉంటాను, మైకిస్తే వదలను. ఈ అర్హతలకు తోడు గంటన్నర శిక్షణ ఇచ్చారు. అందులో అరగంట టిఫినుకి పోయింది. మిగతా గంటలో నేర్చుకున్నదల్లా, ఎదుటివాళ్లను లోతుగా ఊపిరి పీల్చమనాలని. ఓదార్పులో నాకు తెలిసిన ఓ దారి అదే.

ఉదయం ఆరూ నలభైకి రాజమండ్రి కాంప్లెక్సులో రామచంద్రపురం బస్సెక్కాను. టిక్కెట్టు యాభై. సీటుకొకరే కూర్చోవాలన్నారు కాబట్టి కడియం దాకా అలాగే కూర్చున్నాం, ద్వారపూడికి ముగ్గురమయ్యాం. పక్కనున్నది మండపేట వెళ్తున్న కొబ్బరికాయల వ్యాపారి. నా ఒళ్లోని కరపత్రాల కట్ట చూసి "ఏం అమ్ముతారండి?" అన్నాడు.

"ధైర్యమండి. ఉచితం."

"అయితే ఎవరూ పుచ్చుకోరండి," అని మాస్కు గడ్డం కిందికి లాగి నిద్రపోయాడు.

ఎనిమిదిన్నరకు రామచంద్రపురంలో దిగి, కాఫీ తాగి, షేర్ ఆటోలో ద్రాక్షారామం చేరాను. భీమేశ్వరస్వామికి రోడ్డు మీంచే దణ్ణం పెట్టి ఇంకో ఆటో ఎక్కాను. వెళ్లేవాళ్లకు ముందే చెబుతున్నాను, ఈ రెండో ఆటో నిండితే గాని కదలదు; అరగంట చేతిలో ఉంచుకోండి. అక్కణ్ణుంచి కాలవగట్టు మీద ఇరవై నిమిషాలు.

ఊరు చేరేసరికి పది. సంఘం పెద్దలతో కలిసి కారులో ముందే వచ్చిన కార్యదర్శిగారు ఫ్లెక్సీ కట్టిస్తున్నారు. "మీ మనసుకు మేమున్నాం" అన్న అక్షరాల చుట్టూ తొమ్మిది ఫొటోలు, అన్నీ మా సంఘం పెద్దలవే. ఒక తాడు కరెంటు స్తంభానికి, రెండోది ఓ పెంకుటింటి కిటికీ చువ్వలకు. ఆ ఇంటి తలుపు మూసి ఉంది. మూసిన ఇల్లయితే అభ్యంతరం చెప్పదు కదా.

సభకు వచ్చినవాళ్లు పద్దెనిమిది మంది. అందరి చేతా మాస్కుల్లోంచే లోతుగా ఊపిరి పీల్పిస్తున్నాను. ఫ్లెక్సీ వెనకనుంచి ఆడగొంతు వినిపించింది.

"బాబూ, గాలి రావట్లేదు. ఆ గుడ్డ కాస్త తీయండి."

ఊళ్లోవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయింది మేమే. ఊరి ఆశా కార్యకర్త వరలక్ష్మి నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది.

"నాగమణి అండి. వీధి చివర టిఫిను బండి వీళ్లదే. ఆయన కరోనాతో కాకినాడ ఆస్పత్రిలో పోయాడండి, మనిషిని ఇంటికి తేనివ్వలేదు. ఇరవై రోజులైంది, పరామర్శకని ఒక్కళ్లూ గుమ్మం తొక్కలేదు. నేను కేరేజీ తెచ్చి అరుగు మీద పెడుతుంటే, నాలుగు రోజుల్నుంచి అదీ ముట్టట్లేదు. మీరు మాట్లాడండి మాస్టారూ, దీనికేగా వచ్చారు?"

"సభ అయ్యాక చూద్దామండి," అన్నారు కార్యదర్శిగారు. "ఫ్లెక్సీ తీస్తే ఫొటో ఎలాగ?"

ఆ మాటకు నాకు కోపం వచ్చిందని రాయాలని ఉంది. నిజానికి ఇంకో పది నిమిషాలు మాట్లాడాను. ఆ తర్వాత సిగ్గేసి, వెళ్లి తాడు విప్పాను.

చువ్వల వెనక యాభయ్యేళ్ల మనిషి, దువ్వని జుట్టు. శిక్షణ గుర్తొచ్చింది. "అమ్మా, ఒకసారి లోతుగా ఊపిరి పీల్చండి."

"గాలికి అడ్డంగా గుడ్డ కట్టిందీ మీరే, పీల్చమనేదీ మీరేనేంటండి?"

నా చదువు అక్కడితో అయిపోయింది. అరుగు మీద కూలబడ్డాను. వరలక్ష్మి సభ కోసం తెచ్చిన ఉప్మా పొట్లాలు రెండు పట్టుకొచ్చి, ఒకటి నాకిచ్చి, రెండోది కిటికీలో పెట్టింది.

"గుమ్మంలో పెట్టేసి పారిపోతే కుక్కకి పెట్టినట్టుంటది. నాకొద్దు," అంది నాగమణి.

"పారిపోలేనమ్మా, మోకాళ్ల నొప్పులు," అని నా పొట్లం విప్పుకున్నాను. చాలాసేపటికి లోపల కూడా కాగితం చప్పుడైంది.

"ఎవడు చేశాడండీ ఇది? ఆవాలు చిటపటలాడకుండానే నీళ్లు పోసేశాడు. ఉప్మానా, గోడకి మెత్తే మట్టా?" తిడుతూనే తింటోంది. తర్వాత తనే చెప్పింది. "పిండి రుబ్బేది నేను, అట్టు వేసేది ఆయన. నేనేస్తే అంచు లేవదండి."

నేను ఆ ఉప్మా తింటూ అక్కడే కూర్చున్నాను. ఆ రోజు నేను చేసిన మంచిపని అదే.

రెండింటికి ఆటో వచ్చింది. లేచి, "వెళ్లొస్తానమ్మా," అన్నాను.

ఎదురింటి అరుగు మీంచి ఓ పెద్దావిడ గుండె బాదుకుంది. "అయ్యయ్యో! చావు జరిగిన ఇంట్లో వెళ్లొస్తానంటారేంటండీ, మాస్టారై ఉండీ!"

నిజమే. మా వైపు అలాంటి ఇంట్లో ఆ మాట అనం. మళ్లీ అదే పని మీద రావలసివస్తుందన్న భయంతో చెప్పకుండానే లేచి వచ్చేస్తాం. అరవై రెండేళ్లుగా తెలిసిన సంగతి. నాలుక కరుచుకున్నాను.

నాగమణి చువ్వ పట్టుకుని ఎదురింటివైపు చూసింది. "అననీ అత్తా. అనకూడదని తెలిసినోళ్లు ఎవరొచ్చారు గనక?" నావైపు తిరిగి, "అన్నారుగా. రండి," అంది.

రామచంద్రపురంలో మూడుంబావు బస్సు దొరికింది. ఫోన్లో అప్పటికే ఫొటో వచ్చింది. విప్పిన ఫ్లెక్సీని ఇద్దరు చేత్తో పట్టుకుంటే, మా పెద్దలు ఆ కిటికీకి వీపు పెట్టి నిలబడ్డారు. కింద "సదస్సు విజయవంతం" అని రాసి ఉంది, చప్పట్ల బొమ్మలు లెక్కలేనన్ని. మన ఊళ్లలో మనిషి పోతే ఆ ఇంట పొయ్యి వెలిగించనివ్వరు. ఇరుగుపొరుగు అన్నం తెచ్చి, తినేదాకా ఎదురుగా కూర్చుంటారు. అంత మందు ఇంట్లో పెట్టుకుని, రోగభయంతో దాన్ని అటకెక్కించి, కరపత్రాలు పంచాం. పంచినవాళ్లలో నేనూ ఉన్నాను.

మండపేట దాటాక వరలక్ష్మి ఫోన్ చేసింది. "మాస్టారూ, నాగమణి తలుపు తీసిందండి. మీరొచ్చేది ఏ రోజో కనుక్కోమంటోంది."

"ఎందుకండీ?"

"అట్లు వేస్తదంటండి. ముందు రోజే పెసలు నానబెట్టుకోవాలిగా."

గురువారం ఇంకో ఊళ్లో నా ఉపన్యాసం ఉంది. గురువారం వస్తానని చెప్పాను.