చపాటా మిర్చి, కొరియా జాడీ

హైదరాబాదు ఉస్మాన్‌గంజ్‌ మార్కెట్లో ఎండుమిర్చి దుకాణం నడపబట్టి నాకు ఇరవై రెండేళ్ళు. అంతకు ముందు అది మా ఆయనది. ఆయన పోయేనాటికి మా అబ్బాయి ఏడో తరగతి. దుకాణం అమ్మేయమని చుట్టాలంతా ఇంటికొచ్చి మరీ చెప్పారు. వాళ్ళు చెప్పిన కొద్దీ నాకు మొండితనం పెరిగింది. నెల తిరక్కుండానే వెళ్ళి ఆయన కూర్చున్న చోట కూర్చున్నాను.

మొదటి వారమే పరువు పోయింది. ఖమ్మం వైపు నుంచి సరుకు తెచ్చిన ఒకాయన నా ముందు గోనె పట్టా మీద గుప్పెడు కాయలు పోశాడు. చెవి దగ్గర ఆడిస్తే గింజ గలగలమంది. తుంచితే ఘాటు ముక్కుకెక్కింది. "మస్తు మంచిగున్నయ్ అన్నా" అన్నాను సంబరంగా. ఆయన నన్నొకసారి చూసి, కాయలు పట్టాలోకి ఎత్తుకుని పక్క దుకాణానికి వెళ్ళిపోయాడు. నాకేమీ అర్థం కాలేదు. సాయంత్రం పక్క దుకాణం సేఠ్ వచ్చి చెప్పాడు. "బేటీ, గంజ్‌ల నచ్చని సరుకును మంచిగున్నదని సాగనంపుతరు. నచ్చినదానికి వంక పెడతరు. తేమున్నదను, తొడిమలున్నయను, రంగు దిగిందను. నువ్వు వంక పెట్టినవంటే అమ్మెటోడు కూసుంటడు. మంచిగున్నదంటే లేచిపోతడు."

ఆ రోజు నుంచి నచ్చిన సరుకును నా నోటితో మెచ్చుకున్న పాపాన పోలేదు. ఆ అలవాటు దుకాణంతో ఆగి ఉంటే బాగుండేది. సాయంత్రం షట్టర్ దించి శాలిబండకు ఆటో ఎక్కితే, అదీ నాతో పాటే ఎక్కి ఇంటికొచ్చేది. మావాడు బొమ్మ గీసి తెస్తే ఆకాశం రంగు దిగిందన్నాను. పదో తరగతిలో మంచి మార్కులు తెస్తే లెక్కల్లో తగ్గిన ఆ రెండూ ఎక్కడ పోయాయన్నాను. వాడు ఆ దుకాణంలోనే పెరిగాడు కాబట్టి నవ్వేసేవాడు. పైగా నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని వీధంతా ఎరుగుదురు. నేను మెచ్చుకోకపోతే ఎవరూ వింతపడరు.

రెండేళ్ళ క్రితం కోడలొచ్చింది. జల్‌పల్లి పిల్ల. వాళ్ళ నాన్న బస్సు డిపోలో మెకానిక్. హోటల్ చదువు చదివి, ఊరికి ఆ చివర అద్దాల మేడల మధ్య ఉన్న కొరియా హోటల్లో వంట చేస్తుంది. అక్కడ మనకు కావలసింది అడగడానికి ఉండదట. ఎనిమిది వంటకాలు, ఒకటి తిన్నాక ఒకటి, వాళ్ళు పెట్టిందే తినాలట. "మా పెండ్లిళ్ళల్ల బంతి భోజనం గూడ గంతే కదా బిడ్డా" అన్నాను. "గంతే అత్తమ్మా. కానీ మా దగ్గర మారు వడ్డించరు" అంది. ఆ జవాబుకే పిల్ల నాకు నచ్చింది. నచ్చిందని చెప్పానా? చెప్పలేదు.

పోయిన ఏడాది ఒకరోజు దుకాణానికొచ్చి, రంగు నిండుగా ఉండి కారం తక్కువున్న మిర్చి కావాలంది. కొరియా వాళ్ళ కారప్పొడి అలాగే ఉంటుందట. వాళ్ళ హోటల్‌కు అది విమానంలో వస్తుందట. మా దగ్గర పెట్టుకుని విమానంలో తెప్పించడమేమిటని నాకు ఒళ్ళు మండింది. వరంగల్ చపాటా తీసి ముందు పోశాను. టమాటా పండులా లావుగా, ఎర్రగా ఉంటుంది. కారం మాత్రం చిన్నపిల్లలు కూడా ఓర్చుకునేంతే. కోడలు దాన్ని పొడి పట్టించి, ఉడికించిన అన్నం, పులియబెట్టిన సోయా పిండి, ఉప్పు కలిపి ముద్ద చేసి మా మేడ మీద జాడీలో పెట్టింది. పగలు మూత తీసి గుడ్డ కట్టి ఎండ తగలనివ్వడం, పొద్దుగూకగానే మూసేయడం. ఆర్నెల్లు ఆ జాడీని పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకుంది. సెలవు రోజున కూడా పుట్టింటికి వెళ్ళేది కాదు.

ఈ ఎండాకాలం మొదట్లో వాళ్ళ హోటల్ నుంచి మాకు పిలుపొచ్చింది. కొత్త వంటకాలు జాబితాలో చేర్చే ముందు, వంటవాళ్ళ ఇళ్ళ నుంచి ఇద్దరేసి మనుషుల్ని మధ్యాహ్న భోజనానికి పిలిచి అభిప్రాయం అడుగుతారట. మాది శాకాహారమని మాకు అన్నీ విడిగా చేయిస్తారట. కారులో వెళ్తుంటే అబ్బాయి అసలు సంగతి చెప్పాడు.

"అమ్మా, ఎనిమిదిట్ల ఒకటి ఆమెది. జాడీల పెట్టినదాంతోని చేస్తుంది. ఇయ్యాల గది నచ్చితే ఉంటది, లేకుంటే తీసేస్తరు. తీసేస్తే ఈ పని ఇడిసిపెడత అంటుంది."

"ఏంది? ఎందుకు ఇడుస్తది?"

"నాలుగేండ్ల సంది వేరేటోళ్ళ వంటలే వండుతుంది. తన చేతిల ఏం లేదేమో అంటుంది. మొన్న రాత్రి ఏడ్చింది గూడ."

ఆ పిల్ల ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

హోటల్ చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. ఎంత నిశ్శబ్దమంటే నా గాజుల చప్పుడుకు నాకే సిగ్గేసింది. ఇనుప చువ్వల్లాంటి రెండు పుల్లలిచ్చి వాటితో తినమన్నారు. నేను చెంచా అడిగి తీసుకున్నాను. వేయించిన బార్లీ మరిగించిన నీళ్ళు ముందుగా ఇచ్చారు. తర్వాత గుమ్మడికాయ జావ. పళ్ళెం చూస్తే ఇంటిల్లిపాదికీ వడ్డించొచ్చు, అందులో జావ నాలుగు చెంచాలు. ఒకమ్మాయి చిన్న పుస్తకం పట్టుకొచ్చి ఎలా ఉందని అడిగింది. తియ్యగా, చప్పగా ఉంది. "మంచిగున్నది" అన్నాను. రాసుకుంది. తర్వాత సోయాపాలు విరిచి చేసిన తెల్లటి ముక్క వచ్చింది. పనీరుకు దూరపు చుట్టంలా ఉంది కానీ ఏ రుచీ లేదు. "మస్తు మంచిగున్నది" అన్నాను. అదీ రాసుకుంది. కారం లేని క్యాబేజీ ఊరగాయా, చల్లటి సేమ్యాల్లాంటివీ అన్నీ మంచిగున్నాయన్నాను. అబ్బాయి నా కాలు తొక్కుతున్నాడు. ఎందుకో నాకు తట్టలేదు.

ఆరోది కోడలే స్వయంగా పట్టుకొచ్చింది. తెల్ల కోటు, తల మీద గుడ్డ. మన ఉండ్రాళ్ళను పొడుగ్గా సాగదీసినట్టు బియ్యప్పిండి ముక్కలు మూడు, వాటి మీద చపాటా ఎరుపు. ఆమె వెనకే హోటల్ పెద్ద వంటాయన కూడా వచ్చాడు. హైదరాబాదు మనిషే. చాలా ఏళ్ళు కొరియాలో పని చేసి వచ్చాడట.

"అమ్మా, మీరు మిర్చి వ్యాపారంల ఉన్నరంట. దీని మీద మీ మాట మాకు ముఖ్యం" అన్నాడు.

ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. ముందు తీపి, వెనక పులుపు, ఆ తర్వాత నెమ్మదిగా గొంతు దాకా దిగే వెచ్చదనం. మా దుకాణంలో ఇన్నేళ్ళు పీల్చిన వాసనే. కానీ దానిలో ఇంత మెత్తదనం ఉందని నాకే తెలియదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కారానికి కాదు. అంత పెద్దాయన నా మాట అడిగేసరికి, గంజ్‌లో కూర్చున్న మనిషి నాలో లేచి కూర్చుంది.

"తీపి ముందుకొస్తున్నది, జర తగ్గాలె. గింజ సాంతం తీయలే, నాలుకకు తగులుతున్నది. జాడీల ఇంకో నెల ఉంటే పులుపు నిలుస్తుండె" అన్నాను.

పుస్తకం అమ్మాయి గబగబా రాసింది. కోడలు తల వంచుకుని ఖాళీ పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మాటల మధ్యే మూడు ముక్కలూ తినేశానని, పళ్ళెం ఖాళీ అని ఎవరూ చూడలేదు. అబ్బాయి మాత్రం ముఖం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

మిగిలిన రెండూ ఏం తిన్నానో గుర్తు లేదు. చివర్లో పెద్ద వంటాయన మళ్ళీ వచ్చి చాలా మర్యాదగా చెప్పాడు. "అమ్మా, మిగిలినవన్నీ మీకు నచ్చినందుకు సంతోషం. మీరు అన్నంక ఆరోది ఈసారికి పక్కన పెడుతున్నం."

నేను చెంచా పక్కన పెట్టాను. "ఎందుకు పక్కన పెడతరు?"

"మీరే కదమ్మా మూడు లోపాలు చెప్పిన్రు."

"నచ్చింది గనక చెప్పిన" అన్నాను. గొంతు పెరిగిందని తెలుస్తోంది, ఆపుకోలేకపోయాను. "నచ్చకుంటే నాకేం పని? మీ తెల్ల ముక్క మస్తు మంచిగున్నదన్న కదా. మళ్ళ జన్మల తినను నేను దాన్ని. జావ గూడ గంతే. మా గంజ్‌ల వద్దనుకున్నదాన్నే మంచిగున్నదంటం."

పక్క బల్లల వాళ్ళు తినడం ఆపి చూశారు. ఏ వంటవాడికైనా కోపం వచ్చే మాటే. ఆయన మాత్రం కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. "అయితే ఇది నచ్చిందని ఎట్ల నమ్మాలె?"

అప్పుడు, ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట చెప్పాల్సి వచ్చింది. "ఆర్నెల్ల సంది రోజూ పొద్దుగాల దుకాణానికి పోయే ముందు మేడెక్కి, ఆ జాడీల నుంచి చెంచాడు దొంగతనంగ తీసుకుని తింటున్న. ఆమెకు తెల్వదు."

ఆయన నవ్వలేదు. లోపలి నుంచి కోడలు చేసిన ముక్క మళ్ళీ ఒకటి తెప్పించుకుని, నా ముందే తిన్నాడు. కళ్ళు మూసుకుని, నేను చెప్పిన మూడు లోపాలూ వెతుకుతున్నట్టు నమిలాడు. "మూడూ నిజమే" అన్నాడు చివరికి. "అవి సరిచేస్తే ఉంచుతం. కొత్త జాడీ పెట్టమని మీరే చెప్పండి."

నేను వెళ్ళేసరికి వంటగది వెనక గిన్నెలు తోమే చోట కోడలు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడవలేదు కానీ ఏడుపు ఎక్కడో దగ్గర్లోనే ఉంది. వంటకం ఉంటుందని చెప్పాను. దొంగతనం సంగతీ చెప్పాను.

"జాడీల తగ్గుతుంటే ఎండకు ఇగురుతుందనుకున్న అత్తమ్మా" అంది.

"ఎండ కాదు బిడ్డా, నేనే."

ఆమె తల మీది గుడ్డ విప్పి చేతికి చుట్టుకుంది. "రెండేండ్లు. పప్పుల ఉప్పెక్కువ, చారుల పులుపు తక్కువ, రొట్టె మందం. రోజూ ఒక వంక. రోజూ రాత్రి మీ అబ్బాయిని అడిగేదాన్ని, నేనంటే మీ అమ్మకు ఎందుకు పడదని."

ఆ మాట నన్ను కోసింది. గంజ్ బుద్ధి గంజ్‌లో విడిచి రావాల్సింది. ఇంట్లో ఒక పిల్ల దాన్ని నిజమని నమ్ముతూ రెండేళ్ళు అన్నం వండింది. తప్పు నాదేనని చెప్పాను. ఆమె చేతి వంట తిన్నప్పటి నుంచి దుకాణంలో మధ్యాహ్నం డబ్బా ఎప్పుడు తెరుస్తానా అని ఎదురుచూస్తున్నానని కూడా చెప్పాను. చెప్పడం అంత కష్టమేమీ కాలేదు. ఇన్నేళ్ళు ఎందుకు ఆగానో తెలియదు.

"ఒక్కసారి మాత్రం మెచ్చుకున్నరు" అంది కళ్ళు తుడుచుకుంటూ. "మా అమ్మ జల్‌పల్లి నుంచి వచ్చిననాడు బగారన్నం చేసిన. మస్తు మంచిగున్నదన్నరు. గది తలుచుకునే ఇన్నొద్దులు సంబరపడ్డ."

నేను గిన్నెల వైపు చూశాను. చెప్పాలా వద్దా అనుకుని, చెప్పేశాను. "అది అడుగంటింది బిడ్డా."

పగలబడి నవ్వింది. గిన్నెలు తోముతున్న ఆవిడ కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది.

తర్వాతి వారం సెలవు రోజున మేడ మీద కొత్త జాడీ కడిగి ఎండబెట్టాం. చపాటా బస్తా విప్పి, తెల్లబోయిన తాలు కాయలన్నీ ఏరి, తొడిమలు నేనే తీశాను. గింజ ఒక్కటి కూడా మిగలనివ్వనని చెప్పి మరీ దులిపాను. పొడి పట్టించి తెచ్చి ముద్ద కలిపాక కోడలు చెంచాడు తీసి నాకిచ్చింది. ఈసారి దొంగతనం లేదు, ఎండలో, ఆమె ముందే నాలుక మీద వేసుకున్నాను. ఆమె నా ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"ఉప్పు ఒక రవ్వ తక్కువ" అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. చీర కుచ్చెళ్ళు సర్దుకుని నా పక్కనే చాప మీద కూర్చుంది.

"ఇంకేమేం తక్కువున్నయి అత్తమ్మా?" అంది.