రహస్యం లేని పదకొండో అధ్యాయం

మా బావ పుస్తకం రాస్తానని ప్రకటించినప్పుడు మా అక్క కూరగాయలు తరుగుతోంది. కత్తి ఆగలేదు. "రాయండి, ఎవరొద్దన్నారు," అంది. ఆయన నా వైపు తిరిగి, "టైపు చేసేది నువ్వే," అన్నాడు. డీటీపీ షాపు పెట్టుకోవడమే నేను చేసిన నేరం. విజిటింగ్ కార్డులు, ప్రశ్నపత్రాలు, 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' బోర్డులు వేసుకుంటూ ఎవరి జోలికీ పోకుండా బతుకుతున్నవాణ్ణి.

బావ సైన్యంలో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. అందులో పదహారేళ్ళు ఏరి ఏరి తీసుకునే ప్రత్యేక దళంలో. మూడు వందల నలభై మంది పరీక్షకి వెళ్తే పంతొమ్మిది మంది మిగిలారట. వీపు మీద ముప్పై కిలోల మూటతో ఒక పగలూ ఒక రాత్రీ ఆగకుండా నడవాలట. బావ నడుస్తూనే నిద్రపోయి, నిద్రలో దారి తప్పి, అది అడ్డదారి కావడంతో అందరికంటే ముందు చేరాడట. ఆయన చెప్పేదాంట్లో సగమే నమ్మాలని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఏ సగమో మాత్రం ఎవరికీ తెలీదు.

రిటైరయ్యాక ఒక పెద్ద బట్టల షాపులో సెక్యూరిటీ ఇన్‌చార్జిగా చేరాడు. ట్రయల్ రూముల ముందు కుర్చీ వేసుకుని, లోపలికి మూడు చొక్కాలతో వెళ్ళినవాడు మూడు చొక్కాలతోనే బయటికొస్తున్నాడా లేదా అని చూడటం ఆయన ఉద్యోగం. శత్రువుని కనిపెట్టినట్టే కనిపెడతాడు. ఇంట్లో కూడా అంతే. అడుగుల చప్పుడు లేకుండా వంటింట్లోకి వచ్చి వెనక నిలబడతాడు. అక్క ఇప్పటికి ఎన్ని గాజు గ్లాసులు జారవిడిచిందో లెక్కలేదు. హోటల్‌కి వెళ్తే గుమ్మానికి ఎదురుగా కూర్చుంటాడు. నాలుగు నిమిషాల్లో తినేసి మిగతావాళ్ళ పళ్ళేల వైపు చూస్తుంటాడు.

అన్నిటికీ మించి, ఆయన ఎవరి గొంతునైనా దింపేస్తాడు. ఒకసారి మా షాపు ఓనరు గొంతుతో ఫోన్ చేసి సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నాడు. నేను ప్రింటరు విప్పి, సగం సామాను అట్టపెట్టెల్లో సర్దేశాను. అప్పుడు తీరిగ్గా వచ్చి, "ఏరా, షాపు మారుస్తున్నావా?" అని అడిగాడు. ఆ తర్వాత రెండు వారాలు నేనాయనతో మాట్లాడలేదు. నేను మాట్లాడట్లేదని కూడా ఆయన గమనించలేదు.

పుస్తకానికి అక్క ఒకే ఒక్క షరతు పెట్టింది.

"పిల్ల పుట్టినప్పుడు మీరెక్కడున్నారో అది కూడా రాయండి. ముప్పై ఒక్క ఏళ్ళయింది. ఇప్పటికైనా చెప్పొచ్చుగా."

బావ మొహం గంభీరంగా పెట్టాడు. "అది దేశ రహస్యం," అన్నాడు.

మా అక్కకి కాన్పు కష్టమైంది. రెండు రోజులు నొప్పులు పడింది. పెద్ద డాక్టరు మా నాన్నని పక్కకి పిలిచి, తల్లినీ బిడ్డనీ ఇద్దర్నీ దక్కించుకోవడం కష్టమేనన్నట్టు మాట్లాడాడు. దేవుడి దయవల్ల ఇద్దరూ దక్కారు. బావ తొమ్మిది రోజుల తర్వాత వచ్చాడు. ఎక్కడికి వెళ్ళావని అడిగితే పెదవి విప్పలేదు. అక్క ఆ తర్వాత ఆ మాట అందరి ముందూ ఎత్తలేదు గానీ, ఏడాదికి ఒకసారైనా ఆయన్ని ఒంటరిగా అడిగేది. ప్రతిసారీ అదే జవాబు.

ఆరు నెలలు నా బుర్ర తిన్నాడు. రోజూ డ్యూటీ దిగి నేరుగా నా షాపుకొచ్చి, బల్ల మీద అరచేత్తో కొడుతూ చెప్పేవాడు. వాక్యానికి మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టమనేవాడు. ఒకటి చాలు బావా అంటే, "నువ్వెప్పుడైనా విమానంలోంచి దూకావా?" అనేవాడు. లేదని నేనంటే, "మరి నీకేం తెలుసు ఆశ్చర్యం?" అనేవాడు. నేను వినయంగా మూడు కొట్టి, ఆయన వెళ్ళాక రెండు తీసేసేవాణ్ణి.

పదకొండో అధ్యాయం దగ్గరికొచ్చేసరికి మాత్రం గొంతు తగ్గింది. దాని పేరు 'ఆ తొమ్మిది రోజులు'. నాలుగు పేజీలు. "ఆ తొమ్మిది రోజులు నేనెక్కడున్నానో చెప్పే హక్కు నాకు లేదు. నా చుట్టూ చీకటి. తలుపు అవతల తుపాకులు పట్టుకున్న మనుషులు. కదిలితే ప్రమాదం!!! నా మనసు మాత్రం నా భార్య దగ్గర ఉంది!!!" ఇలా సాగింది. టైపు చేస్తుంటే నాకే ఒళ్ళు జలదరించింది. ఆ నాలుగు పేజీల్లో ఆశ్చర్యార్థకాలు ఒక్కటీ తీయలేదు.

ఆ దళంలో పనిచేసినవాళ్ళు ఏం రాసినా ముందు పై ఆఫీసుకి పంపాలట. వాళ్ళు చదివి, బయటపెట్టకూడనివి నల్లసిరాతో కొట్టేసి తిరిగి పంపుతారు. మేం రెండు వందల పన్నెండు పేజీలు పంపాం. నాలుగు నెలలకి నా షాపు అడ్రసుకి పార్సిల్ వచ్చింది. విప్పకుండా తీసుకెళ్ళి అక్కకిచ్చాను. బావ స్నానాల గదిలో ఉన్నాడు. అక్క కత్తెర తెచ్చి విప్పింది.

కాగితాలు నల్లగా ఉన్నాయి. ఏదో మాట ఇక్కడా అక్కడా అనుకుంటే పొరపాటు. పేజీలకి పేజీలే తారు పోసినట్టున్నాయి. "తెల్లవారగానే మేము ———— ఎక్కి ———— దగ్గర దిగాం. అక్కడ చాలా ———— గా ఉంది. తర్వాత టీ తాగాం." శత్రువుకి చిక్కితే నోరు విప్పకుండా ఉండేందుకు ఇచ్చే శిక్షణ గురించి పదహారు పేజీలు రాశాడు. "నాకు ఆకలేసింది" అన్న వాక్యం తప్ప ఏమీ మిగల్లేదు. ఆఖరికి దోమల మందు పేరు కూడా కొట్టేశారు. ఇదంతా టైపు చేసినవాణ్ణి కాబట్టి ఆ గీతల కింద ఏముందో నాకు తెలుసు. ఆ సంగతి ఆఫీసువాళ్ళకి గుర్తొస్తే నన్ను కూడా కొట్టేస్తారేమోనని ఒక్క క్షణం భయమేసింది.

నాకు నవ్వాగలేదు. అక్క కూడా నవ్వుతూనే పేజీలు తిప్పుతోంది. పదకొండో అధ్యాయం దగ్గర ఆగింది.

అది తెల్లగా ఉంది. నాలుగు పేజీల్లోనూ ఒక్క అక్షరం కూడా కొట్టెయ్యలేదు. చివర్లో ఆఫీసు ముద్ర, దాని పక్కన ఎవరో గుమాస్తా పొందికైన చేతిరాతతో రాసిన ఒక ముక్క: "రికార్డులతో సరిచూడబడినది. ఇందులో రహస్యమేదీ లేదు. అభ్యంతరం లేదు."

అక్క ఆ ముక్కని రెండుసార్లు చదివింది. "ఒరేయ్, దోమల మందు కూడా రహస్యమే అన్నవాళ్ళు దీన్నెందుకు వదిలేశారు?"

నా నోరు ఊరుకోదు కదా. "అందులో రహస్యం లేదేమో అక్కా," అనేశాను.

అన్న తర్వాత తెలిసింది ఏమన్నానో. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. ఆ గది తలుపు పల్చన. బావ అంతా విన్నాడు. పావుగంట గడిచినా బయటికి రాలేదు. నేను వెళ్ళి తలుపు కొట్టాను.

"బావా, అక్క పిలుస్తోంది."

"నేను లేనని చెప్పు," అని లోపలినుంచి గుసగుసగా అన్నాడు. విమానంలోంచి దూకిన మనిషి.

చివరికి తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. అక్క ఆ నాలుగు పేజీలూ ఆయన ఒళ్ళో పెట్టింది. ఏడు రోజులు నిద్రపోనివ్వకుండా ప్రశ్నలేస్తే నోరు విప్పలేదని పదహారు పేజీలు రాసుకున్న వీరుడు మా అక్క ముందు రెండు నిమిషాలు నీళ్ళు నమిలాడు.

"ఎక్కడున్నారు?"

"యూనిట్లోనే."

"ఏం చేస్తున్నారు?"

"ఏమీ చెయ్యట్లేదు. ఊరికే కూర్చున్నా."

అక్క మొహం పాలిపోయింది. ఇక సరదా కాదని అప్పుడర్థమైంది నాకు. "నేను అక్కడ చచ్చి బతుకుతుంటే మీరు ఊరికే కూర్చున్నారా?" అంది. ఆ క్షణంలో బావని కొట్టాలనిపించింది నాకు. నిజంగానే చెయ్యి లేచింది.

"లాకప్‌లో కూర్చున్నా," అన్నాడు బావ తల దించుకుని.

ఇక మెల్లగా, ఆశ్చర్యార్థకాలు లేకుండా చెప్పాడు. ఆస్పత్రిలో చేర్చామని మా నాన్న ఇచ్చిన టెలిగ్రాం ఆయనకి అందింది. అప్పుడే దళానికి ఏదో పెద్ద యుద్ధ విన్యాసం మొదలైంది, సెలవులన్నీ రద్దు. అడిగితే కుదరదన్నారు. మళ్ళీ అడిగాడు. మూడోసారి అడిగితే గది బయటికి గెంటేశారు. దాంతో ఆయన వంటశాలలో ఉన్న ఫోన్ తీసుకుని, కమాండరు గొంతుతో గేటుకి ఫోన్ చేశాడు. "ఇప్పుడొకడు సంచీ పట్టుకుని వస్తాడు. ఆపకుండా వదిలెయ్యండి," అన్నాడు.

అవతలినుంచి ఎవరో తీరిగ్గా, "బాగానే ఉంది గానీ, నా గొంతు ఇంకాస్త బొంగురుగా ఉంటుంది," అన్నారు.

కమాండరు ఆ టైములో గేటు దగ్గరే నిలబడి రిజిస్టరు చూస్తున్నాడు.

"మరి నాకు ఆ మాట చెప్పడానికేం?" అంది అక్క.

"వచ్చేసరికి మీ అమ్మ ఆస్పత్రంతా చాటేసింది. మా అల్లుడు రహస్యమైన పని మీద వెళ్ళాడు, ప్రాణాలకి తెగించి పోరాడుతున్నాడు అని. నర్సులు లేచి నిలబడ్డారు. అప్పుడు నేనేం చెప్పను? వందలమందిలోంచి ఏరిన మొనగాణ్ణి, ఫోన్ చేసి గేటు దగ్గర దొరికిపోయానని చెప్పనా? ఆ రోజు తలూపాను. తర్వాత ఎప్పుడు చెప్దామన్నా సిగ్గేసింది."

నేను కాగితాలు సర్దుతున్నట్టు నటిస్తూ వినసాగాను.

"ఆ రెండు రోజులూ తలుపు చప్పుడైనప్పుడల్లా మీరే అనుకున్నాను," అంది అక్క. "రాలేదని కోపం లేదు. దేశం పని అన్నారు, దాని ముందు నేనెంత అని సర్దుకున్నాను. కానీ ఒక్కటి మాత్రం లోపల అడ్డంపడి ఉండిపోయింది. ఈయన కనీసం వెళ్తానని అడిగాడా, లేక నేను గుర్తే రాలేదా అని. ఎక్కడున్నారని ఏటా అడిగింది అందుకే."

"మూడుసార్లు అడిగాను," అన్నాడు బావ. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. పుస్తకం మొత్తంలో ఎక్కడా ఇంత చిన్న గొంతుతో ఏ మాటా చెప్పలేదు నాకు.

"మూడుసార్లు అడిగారు, ఆ పైన దొంగ ఫోన్ కూడా చేశారు," అని అక్క వేళ్ళు మడుస్తూ అంది. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే ఏడ్చేసింది, ఏడుస్తూనే ఆయన వీపు మీద ఒక్కటి వేసింది. "ముప్పై ఒక్క ఏళ్ళు దాచారు కదండీ, నాకు దక్కాల్సిన మాటని!" అంది. బావ ఆ దెబ్బకి కుర్చీ అంచునుంచి జారబోయి నిలదొక్కుకున్నాడు.

పదకొండో అధ్యాయం మళ్ళీ రాస్తానని ఆయన ఏదో గొణుగుతున్నాడు. అక్క వినిపించుకోలేదు. ఫోన్ తీసి కూతురికి, అంటే నా మేనకోడలికి, కలిపింది. ఆ పిల్ల ఆఫీసులో ఏదో మీటింగులో ఉందట, కొంచెం ఆగి చెయ్యమంది. అక్క ఆగే రకమా? వరండాలోకి వెళ్ళి, పై అంతస్తువాళ్ళు కూడా తొంగిచూసేంత గట్టిగా చెప్పింది.

"నువ్వు పుట్టినప్పుడు మీ నాన్న జైల్లో ఉన్నాడే!"

అటువైపు పిల్ల కంగారుపడి కేకేసినట్టుంది, మాకు లోపలికి వినబడింది. "ఏం చేశాడమ్మా?"

"మన దగ్గరికి రాబోయాడే," అంది అక్క.