ఐదున్నర గంటల తప్పు

విమానాన్ని నడిపేది పైలట్, ఆ పైలట్‌ను నడిపేది నేను అని మా వీధిలో గొప్పలు చెప్పుకునేదాన్ని. నాచారంలో రెండు గదుల అద్దె ఇల్లు, ఉప్పల్‌లో ఉద్యోగం. ఒక విమాన కంపెనీకి డ్యూటీ పట్టికలు వేసే ఆఫీసు అది. ఏ పైలట్ ఏ పూట ఏ విమానం ఎక్కాలి, దిగాక ఎన్ని గంటలు పడుకోవాలి, అన్నీ కంప్యూటర్‌లో గళ్లు గళ్లుగా ఉంటాయి. ఒకరికి జ్వరం వస్తే ఆ గడిలో ఇంకొకరిని కూర్చోబెట్టాలి. నేను చేసేది అంతే. అయినా గొప్పలకేం తక్కువ!

ఆ చలికాలం పైలట్ల విశ్రాంతి రూల్సు మారాయి. వారానికి ఇవ్వాల్సిన విశ్రాంతి పెరిగింది, రాత్రిపూట ఒక్కో పైలట్ దించగలిగే విమానాలు తగ్గాయి. మంచిదే. నిద్రమొహంతో విమానం దింపమని ఎవరంటారు? కానీ నలుగురితో నడిచిన పనికి ఇప్పుడు ఐదో మనిషి కావాలి. ఆ ఐదో మనిషి మా కంపెనీ దగ్గర లేడు. కెప్టెన్ అంటే బజారుకు వెళ్లి తెచ్చుకునే సరుకా? తయారు కావడానికి ఏళ్లు పడుతుంది, అంతదాకా జీతమిచ్చి శిక్షణ ఇప్పించాలి. రూల్ వస్తుందని ముందే తెలుసు. పెద్దవాళ్లు ఆ ఖర్చును రేపు, ఎల్లుండి అని నెట్టుకుంటూ వచ్చారు. చివరికి అది మా డెస్కు మీద పడింది. ఒక్క విమానం ఆగితే టికెట్ల డబ్బు వాపసు, హోటల్ గదులు, భోజనాలు, పైగా జనం తిట్లు. అందుకని ఒక్కటీ ఆగకూడదని పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు.

పైలట్ల నిద్రకు రూల్ ఉంది. నా నిద్రకు లేదు. నా తర్వాత రావాల్సిన అమ్మాయి ఉద్యోగం మానేసింది. దాంతో ఒక రాత్రి కూర్చున్న కుర్చీలో మర్నాడు పొద్దున పదకొండు దాటినా నేనే ఉన్నాను.

రాత్రి ఎనిమిదింటి ఢిల్లీ విమానానికి ఒక్క కెప్టెనే మిగిలారు. కోస్తావైపు మనిషి, మాట మెత్తన. ఆయన్ను అరగంట ముందు రమ్మని చెప్పాలి. పట్టికలో ఆయన విశ్రాంతి ముగిసేది పదకొండున్నరకని ఉంది. అప్పుడు టైము పదకొండూ నలభై. ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎత్తారు.

“ఇప్పుడు టైమెంతమ్మా?” అన్నారు. గాఢనిద్రలోంచి వచ్చిన గొంతు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. విమానాల పట్టికలన్నీ గ్రీనిచ్ టైములో ఉంటాయి. మన టైము కావాలంటే ఐదున్నర గంటలు కలపాలి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే నేర్పే సంగతి అది. ఆయన విశ్రాంతి ముగిసేది సాయంత్రం ఐదింటికి! తెల్లవారుజామున ఐదింటికి డ్యూటీ దిగిన మనిషిని నడినిద్రలో లేపాను.

క్షమించమని అడిగాను. “పర్లేదమ్మా, మళ్లీ పడుకుంటాలే” అని పెట్టేశారు.

ఆయనకు పర్లేదు కానీ రూలుకు పర్లేదా? విశ్రాంతిలో ఉన్న పైలట్‌ను ఆఫీసు లేపితే ఆ విశ్రాంతి తెగినట్టే అని మా దగ్గర లెక్క. ఆ ఫోన్‌ను ఎంట్రీ చేయాలి, పన్నెండు గంటలు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. అంటే ఆ రాత్రి విమానం లేదు. అందులో నూట ఎనభై మంది.

మా టీమ్ లీడర్‌ను అందరం అన్నా అనే పిలిచేవాళ్లం. చెబితే ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “సూడు చెల్లె, ఎంట్రీ గింట్రీ ఏం పెట్టకు. కెప్టెన్ సాబే పర్వాలేదన్నడు గదా, నడుమ నీకేంది? మొన్న ఫ్లైట్ ఆపిన పోరిని ఏం జేసిన్రో ఎర్కనే గదా. ఇంటికి పో, మంచిగ పండుకో.”

విమానం ఆపినందుకు ఆ అమ్మాయిని ఉద్యోగంలోంచి తీసేశారు. నేనింకా పర్మనెంట్ కూడా కాలేదు. నోరు మూసుకుని బయటపడ్డాను.

ఉప్పల్ రింగు రోడ్డులో షేర్ ఆటో ఎక్కితే డ్రైవర్ ఆవులించాడు. “అన్నా, ముందట సూసి నడుపు!” అని అరిచేశాను. “ఏమైందక్కా? నిమ్మలంగనే పోతున్న గదా” అని అతను వింతగా చూశాడు. ఇంటికి వచ్చి పడుకున్నాను, కళ్లు మూస్తే ఢిల్లీ పొగమంచు. ఆ మంచులో ఎక్కడో కెప్టెన్ తల వాలిపోతోంది. దేవుడా, నేను చేతులారా చేసిన పని ఇది అని లేచి కూర్చున్నాను.

మా ఆయన మల్లాపూర్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తారు. పొద్దుటి షిఫ్టు ముగించుకుని మూడున్నరకు వచ్చారు. నా మొహం చూసి “ఏమైందే? తిన్నవా?” అన్నారు. అంతా చెప్పేశాను. ఆయన ఎడమ చేతి చూపుడు వేలు సగమే ఉంటుంది. ఆ చేతిని చాలాసేపు చూసుకున్నారు.

“నాకు వేలు పోయింది డబుల్ డ్యూటీ ఆఖరి గంటల. ఏం గాదు, ఇంకొక్క గంట జెయ్యి అన్నడు సూపర్‌వైజర్. నేను గూడ ఏం గాదనే అన్న. నిద్రమత్తుల ఉన్నోనికి మత్తుల ఉన్నట్టు ఎర్క ఉండదే. గా కెప్టెన్‌కు ఫోన్ జెయ్యి.”

“రెస్ట్‌ల ఉన్నరు. ఐదింటిదాక చెయ్యొద్దు.”

పొద్దున లేని బుద్ధి అప్పుడు వచ్చింది మరి. ఆ గంటన్నర ఎలా గడిచిందో నాకే తెలియదు. మనసు మార్చుకుందామని రెండుసార్లు అనుకున్నాను కూడా. ఐదు కాగానే ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తారు.

“మళ్లీ నిద్రపట్టిందా సార్?”

“లేదమ్మా. కళ్లు మూసుకుని పడుకున్నాను, అంతే.”

“మరి రాలేనని చెప్పండి సార్.”

“ఈ నెలలో ఒకసారి చెప్పాను. రెండోసారి చెబితే ఏమంటారో మీకు తెలియదా? మీరు పొద్దుటి ఫోన్ ఎంట్రీ చేస్తే నేనేమీ చెప్పక్కర్లేదు.”

భయపడుతున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దాయన, నెత్తిన అంత టోపీ పెట్టుకునే మనిషి, ఆ విమానాన్ని నన్నే ఆపమని బతిమాలుతున్నారు!

వెంటనే టీమ్ లీడర్‌కు ఫోన్ చేశాను. “అన్నా, పదకొండు నలభై కాల్ ఎంట్రీ పెట్టు. నువ్వు పెట్టకపోతే పైవాళ్లకు నేనే మెయిల్ రాస్త.”

“నెత్తి ఖరాబైందా? నీ కొలువు పోతది!”

“పోనియ్యి” అన్నాను. ధైర్యమేం కాదు, ఏడుస్తూనే అన్నాను. నూట ఎనభై మంది భయం ముందు ఉద్యోగం భయం చిన్నదైపోయింది. ఆయన ఎంట్రీ పెట్టలేదు. నేనే మెయిల్ పంపాను, అందులో అన్నీ అచ్చుతప్పులే. ఆరింటికల్లా విమానం రద్దయింది. ఏడింటికి టీమ్ లీడర్ మెసేజ్ పెట్టాడు: రేపటినుంచి రావద్దన్నారట.

ఆఫీసు గ్రూపులో ఎవరో వీడియో పెట్టారు. విమానాశ్రయంలో ఒక ముసలాయన కౌంటర్ అమ్మాయిని అడుగుతున్నాడు, “దీనికి బాధ్యులెవరమ్మా?” అని. ఆయన మనవరాలి పెళ్లి మర్నాడు పొద్దున్నేనట. ఫోన్ బోర్లా పెట్టేశాను. అప్పటినుంచి ఇంకో భయం పట్టుకుంది. కెప్టెన్ బాగానే నడిపేవారేమో! ఊరికే ఆపానేమో! జరగని ప్రమాదాన్ని ఎవరికి చూపించను?

మర్నాడు పొద్దున కెప్టెన్ ఫోన్ చేశారు. గొంతు బొంగురుగా ఉంది.

“నిన్న డ్రెస్సు వేసుకుని బయల్దేరుతుంటే రద్దయిందని మెసేజ్ వచ్చిందమ్మా. సోఫాలో కూర్చుని బూట్లు విప్పుతున్నాను. ఒకటి విప్పిందే గుర్తు. రెండోది ఇంకా కాలికే ఉంది. ఇప్పుడే లేచాను.”

టైము చూశాను. తొమ్మిదీ పది. పదిహేను గంటలు! అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.