ఎమ్మెల్యే జీపుకి అడ్డం పెట్టిన వెదురు

మా చిన్నప్పుడు, మన్యంలో ఎండాకాలం వచ్చే ఇటుకల పండగ రోజుల్లో ఎవరి జీపైనా మా ఊరి మలుపు దగ్గర ఆగాల్సిందే... మగవాళ్లు వేటకి అడవిలోకి పోయేవారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా వెదురు పట్టుకుని పాట పాడేవారు. ఏదో ఒకటి ఇస్తేనే దారి. అలా దారి ఆపి వసూలు చేసేదాన్ని పజోర్ అంటారు.

మాది డుంబ్రిగుడ నుంచి పైకి నడిచి వెళ్లే ఊరు. అప్పటి మా ఎమ్మెల్యే కూడా కొండ మనిషే. మా తాత ఓటేసిన ఆయనకే మా పెద్దన్న కూడా తొలి ఓటు వేశాడు... అన్నేళ్లు గెలిచాడు. మధ్యలో ఒకసారి ఓడినా సంత రోజు వచ్చి టీ కొట్టు బల్ల మీద కూర్చునేవాడు.

ఆ ఏడు అమ్మ కడుపుతో ఉంది. ఎండకి కొండ కింద పారే గెడ్డ సన్నబడిపోయింది. బిందె నిండాలంటే రాళ్ల మీదుగా చాలా కిందికి దిగాలి. ముందు వారమే అమ్మ ఒకసారి జారిపడింది. ఇంట్లో అందరికీ అదే భయం.

పండగ రోజు ఎమ్మెల్యే జీపు వచ్చింది. వెదురు అడ్డంగా లేచింది. ఆయన నవ్వుతూ నోటు తీశాడు.

"డబ్బులొద్దు బాబూ. కుళాయి ఇయ్యి," అంది అమ్మ.

"కుళాయి నా జేబులో ఉంటాదేటమ్మా?"

"అయితే మా గెడ్డలోంచి ఒక బిందె నీళ్లట్టుకొచ్చి ఎల్లు. బేగి రా, ఎండెక్కుతాది."

ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. డ్రైవరుకి కోపం వచ్చింది. ఆయన మాత్రం చెప్పులు విప్పి, పంచె ఎగ్గట్టి, బిందె తీసుకుని దిగాడు...

తిరిగొచ్చేసరికి పంచె తడిసి కాళ్లకి చుట్టుకుంది. రొప్పుతున్నాడు.

"సగమే తెచ్చినావేటి బాబూ?" మా అత్త వదల్లేదు.

ఆయన నవ్వలేదు. అమ్మ వైపు చూశాడు. "ఈ కడుపుతో నువ్వే దిగుతున్నావా?" అని అడిగాడు. అమ్మ తలూపింది. ఆడవాళ్లే వెదురు పక్కకి తీశారు.

వానలు పట్టకముందే పైనున్న ఊట నుంచి గొట్టాలు వేశారు. ఊరి మధ్య ఒక్కటే కుళాయి. తమ్ముడికి మొదటి స్నానం ఆ నీళ్లతోనే...

మరుసటేడు పండక్కి ఆయన జీపు తనే ఆపించి, "ఈసారేటి గావాల?" అన్నాడు.

"బడికి మాస్టారు," అంది అమ్మ.

"నీ వల్ల నేను ఈ దారే మానెయ్యాల," అన్నాడు. మానలేదు. మాస్టారు రావడానికి మాత్రం రెండు పండగలు పట్టింది.

ఇప్పుడు తారురోడ్డు పడింది. పండక్కి మా ఆడవాళ్లు ఇంకా దారికి అడ్డం నిలబడుతున్నారు. నాయకుల కార్లు వరసగా వస్తాయి. ముందు కారులోంచి ఎవరిదో చెయ్యి నోటు ఇస్తుంది... వెనక కార్ల అద్దాలు దిగవు. ఏం కావాలని అడిగేవాళ్లు లేరు.

మీ ఊళ్లో మీ నాయకుణ్ని ఆపి, మొహం మీదే అడిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఏం అడిగారో రాయండి... మా అమ్మకి చదివి వినిపిస్తాను.