ముంచుకునే బిందె

మదనపల్లెలో మేముంటున్న ఇంటికి అమ్మ వస్తోందని తెలిసి, నిన్న కుళాయి ఉన్న స్టీలు బిందె కొన్నాను. పాప కోసం కాచి చల్లార్చిన నీళ్లలో ఎవరి వేళ్లు మునిగినా నాకు భయం, ఆ మాట అమ్మతో చెప్పలేను. ఈ రోజు ఆమె గ్లాసు పట్టుకుని, ఎక్కడ ముంచాలో తెలియక దాని ముందు నిలబడిపోతే, పుంగనూరు దగ్గరి మా పాత ఇల్లు గుర్తొచ్చింది.

ఆ ఇంట్లో గడప పక్కనే మంచినీళ్ల బిందె ఉండేది. వచ్చినవాళ్లెవరైనా తామే మూత తీసి, చెంబు ముంచుకుని తాగాలి. అది అమ్మ పెట్టిన మర్యాద. కుప్పం వైపు పల్లెలో కూలి పనులు చేస్తూ పెరిగిన ఆమె, దాహమేస్తే ఆసాముల వాకిట్లో వంగి దోసిలి పడితే, వాళ్లు తగలకుండా ఎత్తి పోసేవాళ్లట. నా ఈడు వాళ్లలో కొందరికైనా ఇలాంటివి ఇంట్లో విన్న గుర్తు ఉంటుంది.

ఒకసారి మా వీధికి వచ్చే ఆసుపత్రి నర్సమ్మ, నీళ్లలో చేతులు పెట్టకూడదని చెప్పి, పొడుగు కాడ గరిటె కొనిపించింది. ఆ సాయంత్రమే పక్కింటి పెద్దమ్మ వస్తే, అమ్మ ఆ గరిటెతో నీళ్లు తీసి చెంబులో పోయబోయింది.

“ఏం మే, మీ ఇంట్లో గూడా ఎత్తి పోసే కాలమొచ్చిందా? నా చెయ్యి తగిలితే నీళ్లు మైలపడతాయా?”

పెద్దమ్మ నవ్వుతూనే అంది గానీ, తాగకుండా వెళ్లిపోయింది. అమ్మ గరిటెను అటక మీదికి విసిరేసింది.

ఆ వానాకాలం వీధిలో చాలామందికి వాంతులు, విరేచనాలు. ఇంకా నడక కూడా సరిగా రాని మా తమ్ముణ్ని మదనపల్లె ఆసుపత్రికి తీసుకెళ్లారు. వాడు తిరిగి రాలేదు. ఆ బిందె నీళ్ల వల్లేనని ఎవరూ అనలేదు, కాదనీ అనలేదు. ఏడ్చిన గుర్తు కూడా నాకు లేదు. అటక వైపు చూడకుండా పెరిగానంతే.

అమ్మకు కుళాయి తిప్పి చూపించాను. గ్లాసు నింపుకుని, ముందు పాపకు తాగించి, మిగిలినవి తాను తాగింది. ఇప్పుడు ఎవరూ ఎవరికీ ఎత్తి పోయరు, ఎవరూ ముంచుకోరు. అమ్మ మర్యాదకూ, పాప నీళ్లకూ ఇంత చిన్న కుళాయి సరిపోయింది. సంతోషించాలి. నాకేమీ అనిపించలేదు.

అమ్మ ఆ కుళాయిని కొంగుతో తుడిచి, “ఇట్లాంటివి అప్పుడు యాడన్నా దొరుకుతాండెనా మా?” అని అడిగింది.

మా పుంగనూరు బజార్లోనే, అంగడి ముందర వరసగా పెట్టి అమ్మేవాళ్లు.

“లేదమ్మా” అన్నాను.