ఇరవయ్యో నిమిషం గీత

రెండువేల పదకొండు వానాకాలంలో నేను మేడ్చల్ దగ్గర ఒక రేకుల షెడ్డులో పనిచేసేదాన్ని. పదకొండు మందిమి. రక్తపరీక్ష కిట్లు తయారుచేసే చిన్న కంపెనీ. ఆ ఏడాది మేము డెంగీని పావుగంటలో పట్టే పట్టీ చేస్తున్నాం. పట్టీ మీద రక్తపు చుక్క వేస్తే, డెంగీ ఉన్నవాళ్లకు రెండు గీతలు రావాలి, లేనివాళ్లకు ఒకటే. ఆ రెండో గీత గీయడానికి కావలసిన యాంటీబాడీ, అంటే రక్తంలో డెంగీని గుర్తుపట్టి అంటుకునే పదార్థం, మా దగ్గర లేదు. శామీర్‌పేటలో ఒక మేడం నడిపే ఇంకో చిన్న కంపెనీ దాన్ని చేసేది. అలా ఈ కిట్ కోసం రెండు కంపెనీలూ కలిశాయి.

కలిపింది మా సార్. సాఫ్ట్‌వేర్‌లో చాలా ఏళ్లు చేసి, మామగారి షెడ్డు చూసుకోవడానికి వచ్చినవాడు. కిట్ కూడా సాఫ్ట్‌వేర్ చేసినట్టే చేద్దామన్నాడు. ఆ పద్ధతి పేరు ఎజైల్ అన్నాడు. రెండు వారాలకో విడత. విడత చివర ఎంత చిన్నదైనా ఒకటి పూర్తిచేసి వాడేవాళ్ల చేతిలో పెట్టాలి. వాళ్లు చెప్పింది విని మళ్లీ మొదలుపెట్టాలి. పొద్దున తొమ్మిదిన్నరకు అందరం గోడ ముందు నిలబడి మాట్లాడుకోవాలి. శామీర్‌పేట మేడం ఫోన్ స్పీకర్‌లో ఉండేది. గోడ మీద పసుపు చీటీలు, మూడు వరుసల్లో: చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి.

మొదట్లో నాకు నచ్చింది. ఎవరేం చేస్తున్నారో అందరికీ తెలిసేది. నాలుగైదు విడతలయ్యాక ఒళ్లు బరువెక్కింది. గాజులరామారం నుంచి రెండు బస్సులు మారి వచ్చి, ఆ గోడ ముందు నిలబడి, నిన్న ఏం చేశానో చెప్పాలంటే నోరు పెగిలేది కాదు. పట్టీ ఆరడానికి దాని టైం దానికి కావాలి. మన రెండు వారాలు దానికేం తెలుసు?

మా పట్టీలు వాడి చూసేది శామీర్‌పేట రోడ్డు మీది చిన్న ఆసుపత్రిలో ల్యాబ్ చూసుకునే ఒక పెద్దాయన. పక్క ఊరి మనిషి. ముప్పై ఏళ్లుగా అదే పని. నేను చాచా అనేదాన్ని. ప్రతి విడత పట్టీలు నేనే తీసుకుపోయి ఇచ్చేదాన్ని. ఆరో విడతప్పుడు ఆయన తల అడ్డంగా ఊపాడు.

"జోరుగున్న జరాన్ని పడ్తాంది బేటీ. సన్నగున్నదాన్ని ఇడిసిపెడ్తాంది."

అందుకని గీతలో యాంటీబాడీ పెంచాం. ఏడో విడతలో సన్నవి కూడా దొరికాయి. సార్ చప్పట్లు కొట్టాడు. ఆ శుక్రవారం జబ్బు లేని రక్తం వేసిన పట్టీ ఒకటి బల్ల మీద వదిలి అన్నం తినొచ్చాను. ఇరవై నిమిషాలయింది. రెండో గీత ఉండాల్సిన చోట పెన్సిల్ మరకలా ఏదో కనబడింది. కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాను. ఉంది.

చెప్తే ఈ రెండు వారాలూ పోతాయి. పావుగంటకే కదా చూడమన్నాం, ఇరవై నిమిషాలదాకా ఎవరు చూస్తారు అనుకున్నాను. పట్టీని చెత్తబుట్టలో వేసి, ఆ విడత చీటీ తీసి 'అయిపోయినవి' వరుసలో నా చేత్తోనే అంటించాను.

సోమవారం చాచాకు పట్టీలు ఇచ్చాను. గురువారం ఆయన ఫోన్ వచ్చింది.

"మా కోడలికి జరమొచ్చింది. ఏడు నెలల కడుపుతోనున్నది. నీ పట్టీ మీద ఏసిన. మంది మస్తుగుండె, అర్ధగంటకు చూసిన. రెండు గీతలు."

"ఇప్పుడెట్లుంది చాచా?"

"సిటీల పెద్ద ల్యాబుకు పంపిన. డెంగీ లేదన్నరు. ఒట్టి జరమే. రెండు రోజులు ఇంట్ల ఎవ్వరం సక్కగ తినలే." తర్వాత అడిగాడు. "గది నీకు ముందే కనబడ్డదా?"

"కనబడ్డది చాచా."

"మరి చెప్పాలె గద."

అంతే అన్నాడు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

మర్నాడు గోడ ముందు అంతా చెప్పేశాను. ఫోన్‌లోంచి మేడం గొంతు వచ్చింది.

"నాక్కూడా ఆ యాంటీబాడీ బ్యాచ్ మీద అనుమానం ఉండె. మీరు బాగుందంటే నేనూ ఊకున్న. అలిసిపోయినమ్మా."

సార్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నిలబడే మీటింగులో ఎవరైనా కూర్చోవడం అదే మొదటిసారి. "నేనే మిమ్మల్ని ఊపిరి తీసుకోనియ్యలే" అన్నాడు నేల చూస్తూ. తర్వాత లేచి, ఆ చీటీని వెనక్కి తెచ్చి మొదటి వరుసలో పెట్టాడు.

చాచా దగ్గరున్న పట్టీలన్నీ వెనక్కి తెచ్చాం. మేడం కొత్త యాంటీబాడీ మొదలుపెట్టింది. నెలలు పట్టింది. ఆ నెలల్లో చాలా రోజులు పొద్దున "ఇంకా కాలేదు" అనే చెప్పుకున్నాం. ఆ మాట అనడానికి మాత్రం ఇక ఎవరికీ భయం లేదు.

కిట్ బయటికి వచ్చేసరికి ఏడాదిన్నర దాటింది. మొదటి పెట్టె చాచాకు ఇచ్చాను. ఆయన వేలు గుచ్చుకుని తన రక్తమే వేశాడు. పావుగంటయింది. పట్టీ తియ్యలేదు. గంటదాకా ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఒకటే గీత.

"ఇగ మంచిగున్నది" అని లేచి, వేరే నమూనాల పనిలో పడ్డాడు.

మర్నాడు సార్ చికున్‌గున్యా పట్టీ మొదలుపెడదామన్నాడు. నేను కాదనలేదు. వారం రోజులు సెలవు అడిగాను. ఇచ్చాడు. ఆ వారమంతా ఎక్కడికీ పోలేదు. ఇంట్లో పడుకునే ఉన్నాను.