ఎడమ చేతి బొటనవేలు

నా పెద్దబిడ్డ ఇక లేదన్న కబురు నాకు ఫోనులో వచ్చింది. హిందూపురం ఆసుపత్రిలో ఆమెకు జ్వరం కాస్త దిగిందంటే, ఉతికిన బట్టలు తీసుకుపోదామని ఆ పొద్దున్నే ధర్మవరం వచ్చాను. దండెం మీది దుప్పటి మడత పెడుతుండగా మా ఆయన ఫోను చేశాడు. "పాప ఏమన్నా తినిందా?" అని అడిగాను. "బట్టలు తేవద్దులే," అన్నాడు. అంతే.

రెండు నెలలైంది. నేను ఐదో తరగతి దాకానే చదివాను. మగ్గం నేసే చేతికి పెన్ను అలవాటు లేదు. అయినా ఇది నేనే రాయాలి. నా బిడ్డకు రావలసిన బ్యాంకు ఉద్యోగం నా చేతుల మీదుగానే పోయింది. ఆ సంగతి బతికి ఉన్నన్నాళ్ళు ఆమె ఎవరికీ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు.

బీకాం అయ్యాక బ్యాంకు పరీక్షల కోచింగుకని రోజూ రైల్లో హిందూపురం పోయేది. సీటు దొరికినా దొరక్కపోయినా పుస్తకం తెరిచేది. పెనుకొండ స్టేషను వచ్చేలోపల ఒక పేపరు పూర్తి చేయాలని ఆమె లెక్క. రైల్లో కూరగాయల గంపల అవ్వలు ఆమెను ఎగతాళి చేసేవాళ్ళంట. "ఏం పాపా, ఇంత పెద్దదానివైనా ఇంకా బడికి పోతాండావా?" అంటే, "అవునవ్వా, ఈ బడికి సెలవులు గూడా లేవు," అనేదంట.

ఆదివారాలు ఇంట్లో నా మగ్గం పక్కనే చాప వేసుకొని కూర్చునేది. ఫోను నా చేతికిచ్చి, "ఇరవై నిమిషాలు కాగానే ఆపు అని చెప్పాల మా," అనేది. ఆమె తల వంచుకొని గబగబా గీస్తూ ఉంటే నాకు పాపం అనిపించేది. ఇరవై అయ్యాక కూడా ఊరుకొని, ఇంకో రెండు నిమిషాలకు చెప్పేదాన్ని. ఒకరోజు పట్టేసింది. "నువ్వు ఇచ్చే రెండు నిమిషాలు ఆడ ఎవరూ ఇయ్యరు మా. ఇట్ల నన్ను చెడగొట్టద్దు," అని నవ్వింది. మరుసటి వారం కూడా నేను ఆలస్యంగానే చెప్పాను. అమ్మ బుద్ధి, ఏం చేసేది.

ఆ ఏడాది పరీక్ష సరిగ్గా ఆషాఢం చివర్లో పడింది. ముందురోజు నేను గోరింటాకు కోసుకొచ్చి రుబ్బాను. ఆషాఢంలో ఆడపిల్ల చేతులు పండకుండా మా ఇంట్లో ఎప్పుడూ లేదు. మంచి పనికి పోయే బిడ్డ బోడి చేతులతో పోతుందా అని నా ఆలోచన.

"రేపు పరీక్ష పెట్టుకొని ఇప్పుడేంది మా ఇది?" అనింది.

"ఆషాఢం అయిపోతాండాదే. చెయ్యి చాపు."

చాపింది. "సరే, ఎడమ చేతి బొటనవేలు మాత్రం వదిలెయ్. ఆ వేలు ఆడ వేలిముద్ర మిషన్ మీద పెట్టాల. రంగుంటే తీసుకోదంట, హాల్ టికెట్ మీద రాసుండారు."

"అట్లేలే," అన్నాను. తొమ్మిది వేళ్ళకు పెట్టాను. చేతులు అట్లే చాపుకొని, మధ్యాహ్నం పూట కదా, నిద్రపోయింది. చదివి చదివి అలసిపోయిన బిడ్డ. నేను పక్కన కూర్చొని చూశాను. తొమ్మిది వేళ్ళకు టోపీలు పెట్టినట్టుంది, ఒక్కటి మాత్రం బోసిగా ఉంది. ఒక్క వేలు వదిలితే కీడని మా అవ్వ చెప్పేది. గోరింటాకు మురికి కాదు కదా, మిషన్ ఎందుకు తీసుకోదు అనుకున్నాను. గిన్నెలో మిగిలింది ఆ వేలికి కూడా పెట్టేశాను.

లేచి వేలు చూసుకుంది. నా ముఖం చూసింది. నిమ్మకాయతో రుద్దింది, సబ్బుతో రుద్దింది, బట్టలుతికే బండ మీద వేసి రుద్దింది. పొద్దు గూకేసరికి తోలు లేచింది గాని రంగు పోలేదు.

మరుసటి రోజు నాయనను తోడు తీసుకొని అనంతపురం పోయింది. ఆయన గేటు బయటే ఉన్నాడు, ఆయనకేమీ తెలియదు. లోపల జరిగింది తర్వాత కొంచెం కొంచెంగా నాకొక్కదానికే చెప్పింది. నాలుగు సార్లు వేలు పెట్టించారంట. పక్కన నిలబడమన్నారంట. ఎవరో పెద్దాయన వచ్చి, ఫోటో చూసి, కాగితం మీద రాయించుకొని పంపేసరికి లోపల అందరూ రాస్తున్నారంట. కూర్చున్నాక మొదటి లెక్కనే మూడుసార్లు చదివిందంట. ఇంట్లో ఆమె ఎన్నోసార్లు దాటిన మార్కులు ఆరోజు రాలేదు.

నాయనకు, చుట్టుపక్కల వాళ్ళకు, "పేపరు కష్టంగా వచ్చింది," అని చెప్పింది. నేను పొయ్యి దగ్గర ఏడుస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది. "పోయింది పరీక్షే మా, వేలు కాదు కదా."

"మీ నాయనకు చెప్పేస్తానే. నావల్ల కాదు."

"చెప్తే నేనింక పుస్తకం ముట్టను చూడు. నాకు చెడు కావాలని చేసినావా, ప్రేమతో చేసినావు. ఊరుకో."

తర్వాతి ఏడు బ్యాంకు వాళ్ళు పెట్టే రెండు పరీక్షల్లో మొదటిది దాటింది, రెండోదాంట్లో పోయింది. అప్పుడు పెనుకొండలో బ్యాంకు మిత్రగా చేరింది. బ్యాంకు దాకా పోలేని వాళ్ళకు చిన్న మిషన్ పెట్టుకొని ఊళ్ళోనే బ్యాంకు పని చేసిపెట్టే ఉద్యోగం అది. దానికీ ఒక పరీక్ష రాసి పాసైంది. మా ఎదురింటామె ఊరుకుంటుందా? "ఇంత చదివి ఆ మిషన్ ముందర కూర్చునేదానికేనా?" అనింది. నా బిడ్డ, "బ్యాంకుకు ముందు వాకిలి ఒకటే కాదు పిన్నమ్మా, పక్క వాకిలీ ఉంటాది. నేను ఆడినుంచి పోతాండా," అనింది.

ఒకరోజు నేను పెనుకొండ పోయి ఆమె పని చూశాను. కూలికి పోయే ఒక ముసలామె పింఛనుకు వచ్చింది. గడ్డపార పట్టి పట్టి ఆమె వేళ్ళు అరిగిపోయాయి, మిషన్ ఒప్పుకోవడం లేదు. వెనక వరసలో వాళ్ళు గొణుగుతున్నారు. నా బిడ్డ తడిబట్టతో ఆ వేలు తుడిచింది, పమిట కొంగుతో తడి ఒత్తుకోమంది, మళ్ళీ పెట్టించింది. "పది వేళ్ళుండాయి కదవ్వా, ఒకటన్నా ఒప్పుకుంటాది. తొందర లేదు," అనింది. ఆరో వేలికో ఏడో వేలికో మిషన్ కూసింది. అవ్వ నవ్వింది. నేను బయటికి వచ్చి నిలబడ్డాను. పక్కన నిలబెడితే ఎట్లుంటుందో నా బిడ్డకు తెలుసు.

ఆ గదిలోనే నలుగురు ఆడపిల్లలకు ఆదివారాలు చదువు చెప్పేది. ఒకమ్మాయిది తాడిమర్రి, ముగ్గురివీ పెనుకొండ పక్క పల్లెలు. "ఒక్క పరీక్షకే ప్రాణం పెట్టద్దండి. క్లర్కు రాయండి, ఆఫీసరు రాయండి, ఇన్సూరెన్సు రాయండి, సహకార బ్యాంకు రాయండి," అనేది. పరీక్ష ముందురోజు మాత్రం ఆ పిల్లలకు కాదు, వాళ్ళ అమ్మలకు ఫోను చేసేది. "అత్తా, రేపు పాప పరీక్ష. చేతులకు ఏమీ పెట్టద్దు." ఎందుకని అడిగితే, "మిషన్ కు మన ఆషాఢం తెలీదత్తా," అని నవ్వేసేది. నా పేరు ఎత్తలేదు.

ఆమె పోయాక పదకొండో రోజున ఆ నలుగురూ మా ఇంటికి వచ్చారు. తాడిమర్రి పిల్ల గోడకు ఆనుకొని, "అక్క లేకుంటే మేము రాయం పెద్దమ్మా. హాల్ టికెట్ గూడా తీసుకోలేదు," అనింది. ఒక బిడ్డ ఏడాది నేను పోగొట్టాను. ఇప్పుడు నలుగురి ఏడాది నా బిడ్డ చావు వల్ల పోతుందా?

"రాయాల," అన్నాను. "నేనొస్తా మీతో."

పరీక్ష మళ్ళీ ఆషాఢంలోనే వచ్చింది. ముందురోజు పొద్దున్నే ఆ నలుగురి అమ్మలకూ నేను ఫోను చేశాను. ఊరికే చెప్పలేదు, జరిగింది చెప్పాను. నేను రుబ్బింది, ఆమె వద్దన్నది, నిద్రపోతున్న బిడ్డ వేలికి నేను పెట్టింది, అంతా. ముగ్గురు, "పెట్టంలే అక్కా," అన్నారు. నాలుగో ఆమె, తాడిమర్రి పిల్ల వాళ్ళమ్మ, "అక్కా, ఈడ రోట్లో ఆకు ఏసి పెట్టుండాను. తీసేస్తా," అనింది. ఫోను పెట్టి చూస్తే మా ఆయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. అంతా విన్నట్టున్నాడు. "ఇన్నేళ్ళు నువ్వొక్కదానివే మోసినావా?" అన్నాడు. నేను తల ఊపాను. పక్కన వచ్చి కూర్చున్నాడు.

అనంతపురంలో గేటు దగ్గర పిల్లలు సంచులు, ఫోన్లు నా ఒళ్ళో పెట్టి వరసలో నిలబడ్డారు. ఈసారి మిషన్ గేటు దగ్గరే ఉంది, ఒక్కొక్కరే వేలు పెట్టి లోపలికి పోయారు. ఎవరినీ పక్కన నిలబెట్టలేదు. గేటు మూశారు. ఎండ మండుతోంది. గోడ వారన నీడలో తల్లిదండ్రులు కూర్చొని ఉన్నారు. ఒక పెద్దాయన నా ఒళ్ళో సంచులు చూసి, "మీ పాప గూడా లోపలుండాదా అక్కా?" అని అడిగాడు.

"ఉండాదప్పా," అన్నాను.

ఆయన కొంచెం జరిగి నాకు నీడలో చోటిచ్చాడు.